ఎడారిలో పట్టణం కట్టే విద్య



ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజుల్లో మన సంఘాల్లోని తల్లిదండ్రులు మమ్మల్ని తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది. "అయ్యగారూ, పిల్లవాణ్ణి ఏం చదివించమంటారు?" ఇంజనీరింగు, నర్సింగు, బి.ఎడ్., కంప్యూటరు. ఈ నాలుగు పేర్లు దాటి మన సంభాషణ ముందుకు సాగదు. అమెరికా అనే మాట వస్తే కంప్యూటరు తప్ప మరొకటి తోచదు. ఈ నెల మేము మీ ముందుంచుతున్న చదువు వేరు. దాని పేరు పట్టణ ప్రణాళిక. ఒక ఊరు ఎటు పెరగాలి, నీళ్లు ఎక్కడి నుండి రావాలి, మురుగు ఎటు పోవాలి, బడి ఎక్కడ, బజారు ఎక్కడ, బస్సు ఎక్కడ ఆగాలి, ఏ పొలం పొలంగానే మిగలాలి అని ముందుగా ఆలోచించి కాగితం మీద పెట్టే విద్య ఇది.

చందూర్, వర్ని, బోధన్ ప్రాంతపు రైతు కుటుంబాలకు పట్టణాల చదువుతో ఏం పని అని మీరనుకోవచ్చు. పని ఉన్నది. అదేమిటో ఈ వ్యాసం చివరి వరకు ఓపికగా చదివితే మీకే తెలుస్తుంది.

లేఖనాలలో పట్టణాలు

దేవుని వాక్యం ఆత్మల సంగతే కాదు, అరుగుల సంగతి, కాలువల సంగతి కూడా మాట్లాడుతుంది. ద్వితీయోపదేశకాండము 22:8 చూడండి. కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలనీ, లేకుంటే పైనుండి పడినవాని రక్తదోషం ఆ ఇంటిమీదికి వస్తుందనీ అక్కడ ఉన్నది. నేటి మునిసిపాలిటీ వారు ఇచ్చే గృహనిర్మాణ నిబంధనలకు ఇది తాత వంటిది. అదే గ్రంథం 23వ అధ్యాయంలో పాళెం పారిశుద్ధ్యం గురించిన ఆజ్ఞ ఉన్నది. సంఖ్యాకాండము 35వ అధ్యాయంలో లేవీయుల పట్టణాల చుట్టూ పశువుల కోసం మైదానం విడిచిపెట్టాలని కొలతలతో సహా చెప్పబడింది. పట్టణం పెరిగి పచ్చికను మింగకూడదన్నమాట.

హిజ్కియా రాజు కొలను త్రవ్వించి, కాలువ వేయించి, పట్టణంలోకి నీళ్లు రప్పించిన సంగతి రెండవ రాజుల గ్రంథం 20:20లో ఉన్నది. బండను తొలిచిన ఆ సొరంగం దాదాపు 533 మీటర్ల పొడవున నేటికీ యెరూషలేములో ఉన్నది. ఇక నెహెమ్యా. అతడు యెరూషలేముకు వచ్చిన వెంటనే పని మొదలుపెట్టలేదు. మూడు దినాలు ఆగి, రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, కూలిన గోడలను, కాలిన గుమ్మాలను తన కళ్లతో చూశాడు. ముందు చూడటం, లెక్క వేయటం, తరువాత జనులను పిలిచి మాట్లాడటం, ఆ తరువాతనే రాయి ఎత్తటం. పట్టణ ప్రణాళిక బడిలో నేర్పే వరుస కూడా ఇదే.

ఫీనిక్స్ అనే ఎడారి నగరం

అమెరికాలో అరిజోనా రాష్ట్రం ఉన్నది. దాని రాజధాని ఫీనిక్స్. సొనోరన్ అనే ఎడారి మధ్యన ఉన్న నగరం. మన నిజామాబాదులో ఏడాదికి సుమారు 100 సెంటీమీటర్ల వాన పడితే, అక్కడ పడేది 20 సెంటీమీటర్లకు లోపే. 1950లో ఆ నగర జనాభా దాదాపు 1 లక్ష 7 వేలు. 2020 జనాభా లెక్కల నాటికి 16 లక్షల 8 వేలు దాటింది. అమెరికాలో అది ఐదవ పెద్ద నగరమైంది.

ఎడారిలో ఇంతమంది ఎట్లా బ్రతుకుతున్నారు? జవాబు మన ఆయకట్టు రైతులకు బాగా తెలిసినదే: కాలువ. ఇప్పటి నగరం పుట్టక ముందు, హోహోకాం అనే ఆదివాసి ప్రజలు వందల సంవత్సరాలు సాల్ట్ నది నుండి కాలువలు త్రవ్వి మొక్కజొన్న, పత్తి పండించారు. 1450 ప్రాంతానికి వారి ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1867 తరువాత వచ్చిన వలసదారులు ఆ పాత కాలువల పూడిక తీసి మళ్లీ నీళ్లు పారించారు. బూడిదలోనుండి లేచే పక్షి పేరే ఆ ఊరికి పెట్టారు. 1911లో రూజ్‌వెల్ట్ ఆనకట్ట పూర్తయింది. సరిగ్గా పన్నెండేళ్ల తరువాత, 1923లో, మన మంజీర నది మీద నిజాంసాగర్ పని మొదలై 1931లో ముగిసింది. ఒకే కాలపు మనుషులు, రెండు ఖండాలలో, ఒకే రకమైన పని చేశారు.

సాల్ట్ నది నీళ్లు చాలక, కొలరాడో నది నుండి ఎడారి మీదుగా 541 కిలోమీటర్ల కాలువ త్రవ్వారు. 1973లో మొదలైన పని 1993 నాటికి చాలావరకు ముగిసింది. పంపులతో నీటిని ఎత్తి ఎత్తి పోస్తేనే అది నగరం చేరుతుంది. 1980లో భూగర్భ జలాల చట్టం చేశారు. దాని ప్రకారం ఏర్పడిన నియమాన్ని బట్టి, ఫీనిక్స్ ప్రాంతంలో కొత్త లే-అవుట్ వేసేవాడు నూరు సంవత్సరాలకు సరిపడా నీళ్లున్నాయని చూపించాలి. మన వైపు వెంచర్లు వేసేవారిని ఈ ప్రశ్న అడిగితే ఎంతమంది జవాబు చెప్పగలరో మీరే ఆలోచించండి. 2023 జూన్‌లో ఆ రాష్ట్ర ప్రభుత్వం లెక్కలు వేసి, కేవలం బోరునీటి మీద ఆధారపడే కొత్త లే-అవుట్లకు ఫీనిక్స్ ప్రాంతంలో ఇకమీదట అనుమతి ఇవ్వబోమని ప్రకటించింది. పెరిగే నగరం తన పెరుగుదలకు తానే హద్దు గీసుకోవలసి వచ్చింది.

నీరు ఒక ఎత్తు, ఎండ మరొక ఎత్తు. 2023 వేసవిలో అక్కడ వరుసగా 31 రోజులు వేడి 43 డిగ్రీల సెల్సియస్ దాటింది. ఆ ఒక్క సంవత్సరంలో ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో ఎండ కారణంగా 645 మంది చనిపోయారని అక్కడి ఆరోగ్యశాఖ లెక్క తేల్చింది. చనిపోయినవారిలో ఇల్లు లేనివారు, వృద్ధులు ఎందరో ఉన్నారు. ధనవంతుల వీధుల్లో చెట్ల నీడ ఉంటుంది, పేదల వీధుల్లో తారు వేడి ఉంటుంది. ఎండ అందరి మీద ఒకేలాగున కాస్తుంది గాని నీడ మాత్రం అందరికీ ఒకేలాగున అందదు.

అక్కడి విశ్వవిద్యాలయంలో ఏమి నేర్పుతారు?

ఫీనిక్స్‌ను ఆనుకొని ఉన్న టెంపీ పట్టణంలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ఉన్నది. 1885లో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలగా ఆరంభమై, నేడు ఆ దేశంలోని అతి పెద్ద విశ్వవిద్యాలయాలలో ఒకటిగా ఎదిగింది. మన తెలుగు పిల్లలు అక్కడ తక్కువ లేరు. ఎక్కువమంది కంప్యూటరు విభాగాల్లో ఉంటారు. అక్కడే భూగోళశాస్త్రం, పట్టణ ప్రణాళిక కలిపి నేర్పే విభాగం ఒకటున్నది. పట్టణ, పర్యావరణ ప్రణాళికలో రెండేళ్ల మాస్టర్స్ డిగ్రీ అక్కడ చదవవచ్చు.

ఈ చదువులో పటాలు గీయటం ఒక భాగం మాత్రమే. కంప్యూటరు మీద ఊరి పటం పెట్టి, ఎక్కడ జనం ఎక్కువ, ఎక్కడ చెట్లు తక్కువ, ఏ వీధిలో నీళ్లు నిలుస్తాయి అని పొరలు పొరలుగా చూడటం నేర్పుతారు. భూమి వినియోగానికి సంబంధించిన చట్టాలు, ఇళ్ల కొరత, రోడ్లు, బస్సులు, నీటి లెక్కలు పాఠాలుగా ఉంటాయి. స్టూడియో అనే తరగతిలో విద్యార్థులు జట్టుగా కూడి, నిజమైన ఊరి సమస్య ఒకటి తీసుకొని, ఆ ఊరివారితో మాట్లాడి, పరిష్కారం తయారుచేసి చూపించాలి. ఎదుటివాని మాట వినటం రానివాడు ఈ చదువులో ముందుకు పోలేడు.

ఆ నగరమే వారికి ప్రయోగశాల. 2008 డిసెంబరులో మొదలైన లైట్ రైలు ఫీనిక్స్, టెంపీ, మీసా పట్టణాలను కలుపుతున్నది. ఎండను ఎదుర్కోవటానికి ఫీనిక్స్ నగరపాలక సంస్థ 2021లో ప్రత్యేక కార్యాలయమే తెరిచింది. దానికి మొదటి అధికారిగా వచ్చినవాడు ఈ విశ్వవిద్యాలయంలో ఎండ మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త. తారు రోడ్ల మీద లేత రంగు పూత పూసి వేడి తగ్గుతుందేమోనని నగరపాలక సంస్థ 2020 నుండి ప్రయోగాలు చేస్తుంటే, విశ్వవిద్యాలయం వారు వాటిని కొలిచి చూశారు. రోడ్డు ఉపరితలం చల్లబడింది గాని, ఎండవేళ ఆ రోడ్డు మీద నడిచే మనిషికి పరావర్తనం వల్ల కొంత వేడి ఎక్కువే తగిలిందని కూడా దాచకుండా చెప్పారు. ఉన్నది ఉన్నట్లు చెప్పటం విశ్వాసికి తగిన గుణం. ఈ విద్యలోనూ దానికి విలువ ఉన్నది.

కాలువ చివరి రైతు సంగతి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కొలరాడో నదిలో నీరు తగ్గిపోగా, 2021 ఆగస్టులో మొట్టమొదటిసారి అధికారికంగా కొరత ప్రకటించారు. 2022లో అరిజోనా వాటాలో కోత పడింది. ఆ కోత మొదట ఎవరి మీద పడింది? నగరంలోని కుళాయిల మీద పడలేదు. ఫీనిక్స్‌కు దక్షిణాన పినాల్ కౌంటీలో పత్తి, పశుగ్రాసం పండించే రైతుల మీద పడింది. కాలువ నీరు ఆగిపోయి, పొలాలు బీడు పెట్టినవారున్నారు.

ఈ మాట చదివిన మన నిజాంసాగర్ ఆయకట్టు రైతుకు వేరే వివరణ అక్కరలేదు. మంజీర నీళ్లు మనకంటే ముందు, ఎగువన సింగూరు దగ్గర ఆగి, హైదరాబాదు నగరపు దాహం తీర్చిన సంవత్సరాలు మన పెద్దలకు గుర్తే. మొదట దాదాపు 30 టి.ఎం.సి.ల నీరు పట్టిన నిజాంసాగర్, పూడిక పేరుకొని 18 టి.ఎం.సి.ల లోపుకు దిగిపోయింది. నగరంలో బిడ్డ దప్పికతో ఏడిస్తే నీళ్లివ్వవద్దని ఏ రైతూ అనడు. అయితే ఎవరికెంత, ఎప్పుడు, ఎవరిని అడిగి, నష్టపోయినవానికి ఏమిచ్చి అనే ప్రశ్నలు అడిగేవాడు ఆ లెక్కలు వేసే గదిలో ఒక్కడైనా ఉండాలి. కాలువ చివరి మడికి నీళ్లు అందక రాత్రంతా గట్టు మీద కాపలా ఉన్న రైతు బిడ్డ ఆ గదిలో కూర్చుంటే, పుస్తకం చెప్పని సంగతి ఒకటి ఆ బిడ్డకు తెలిసి ఉంటుంది.

దూరం పోనక్కరలేదు. 2016 వరకు మన జిల్లాలోనే ఉన్న కామారెడ్డిలో జరిగినది చూడండి. పట్టణానికి తయారుచేసిన ముసాయిదా మాస్టర్ ప్లానులో తమ పంట పొలాలను పరిశ్రమల జోనుగా చూపించారని చుట్టుపట్ల గ్రామాల రైతులు ఆందోళనకు దిగారు. 2023 జనవరిలో ఒక రైతు ప్రాణమే తీసుకున్నాడు. ఆ నెలలోనే మునిసిపల్ కౌన్సిల్ సమావేశమై ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. కాగితం మీద వేసిన ఒక రంగు ఒక ఇంటి దీపాన్ని ఆర్పింది. పొలానికి పొలం, ఇంటికి ఇల్లు కలుపుకొనేవారికి శ్రమ అని యెషయా ప్రవక్త 5:8లో హెచ్చరించిన సంగతి మరువకండి. పటం గీసే చేతికి ఆ భయం ఉండాలి.

బోధన్ కథలో మరొక పాఠం ఉన్నది. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. చెరకు బండ్లు, కార్మికుల క్వార్టర్లు, బడులు, బజారు అన్నీ ఆ ఒక్క పొగగొట్టం కింద బ్రతికాయి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడినప్పుడు బాధ ఒక గేటు లోపల ఆగలేదు, ఊరంతా పాకింది. ఒక ఊరిని ఒకే స్తంభం మీద నిలబెట్టరాదని ప్రణాళికా శాస్త్రం చెబుతుంది. మనకు ఆ శాస్త్రం అనుభవంతోనే తెలిసింది.

గల్ఫ్ పోయిన తండ్రులు

మన జిల్లా వారికి ఎడారి నగరాలు కొత్తవి కావు. దుబాయి, అబుదాబి, దోహా నగరాల మేడలకు ఇనుము కట్టినవారిలో, సిమెంటు మోసినవారిలో మన నిజామాబాద్ బిడ్డలు వేలాదిమంది. వారు పంపిన డబ్బుతో చెల్లెళ్ల పెళ్లిళ్లు, ఇంటి స్లాబులు, కొన్ని సంఘాల ఆలయ గోడలు కూడా లేచాయి. ఆ నగరాలను తమ చేతులతో కట్టారు గాని, వాటి నక్షా గీసేటప్పుడు వారిని అడిగినవారు లేరు. 2024 ఏప్రిల్ 16న దుబాయిలో కురిసిన వాన 75 ఏళ్ల రికార్డులలో ఎన్నడూ లేనిదని అక్కడి వాతావరణ శాఖ ప్రకటించింది. రోడ్లు చెరువులయ్యాయి, విమానాశ్రయం నీట మునిగింది. ఎడారిలో వాన ఎక్కడిదిలే అని మనుషులు అనుకున్నా, నీరు తన దారి తాను మరచిపోదు. మన ఊరి చెరువు శిఖం మీద ఇళ్లు కట్టుకునేవారు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తండ్రి పార పట్టిన ఎడారి నగరంలో బిడ్డ పెన్సిలు పట్టే రోజు రావాలని మేము కోరుకుంటున్నాము.

అప్పు సంగతి ముందు మాట్లాడుకోవాలి

అయితే కోరిక వేరు, లెక్క వేరు. అరిజోనాలో ఈ చదువుకు ఒక్క రుసుమే ఏటా 30 వేల డాలర్లు దాటుతుంది. మన డబ్బులో 25 లక్షలకు పైమాటే. ఇంటి అద్దె, భోజనం, భీమా వేరు. చదువు ముగిశాక అక్కడ ఉద్యోగం దొరుకుతుందన్న హామీ లేదు. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన తరువాత ఆ దారి మరింత ఇరుకైంది. పట్టణ ప్రణాళిక ఉద్యోగాలు ఎక్కువగా ప్రభుత్వ కార్యాలయాల్లో ఉంటాయి, కంప్యూటరు కంపెనీల జీతాలు అక్కడ ఉండవు.

నెహెమ్యా 5వ అధ్యాయంలో తమ పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టి అప్పులపాలైన జనుల మొర వినబడుతుంది. కాబట్టి మా మాట స్పష్టంగా వినండి. ఉన్న రెండెకరాలు కుదువపెట్టి ఈ చదువుకు పంపకండి. పొలాన్ని కాపాడటం నేర్పే చదువు కోసం పొలాన్నే పోగొట్టుకోవటం తెలివైన పని కాదు.

దారులు వేరే ఉన్నాయి. హైదరాబాదు మాసాబ్ ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ప్రణాళిక చదువు ఉన్నది. విజయవాడలో 2008లో కేంద్ర ప్రభుత్వం స్థాపించిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉన్నది. అటువంటిదే ఢిల్లీలోనూ, భోపాల్‌లోనూ ఉన్నది. ఇంటర్మీడియట్‌లో లెక్కలు చదివిన పిల్లలు ప్రవేశ పరీక్ష రాసి చేరవచ్చు. సివిల్ ఇంజనీరింగు లేక భూగోళశాస్త్రం చదివినవారు పై చదువుగా దీనిని ఎంచుకోవచ్చు. ఇక్కడ చదివి, రెండు మూడేళ్లు పనిచేసి, అనుభవంతో విదేశానికి దరఖాస్తు పెట్టుకుంటే సహాయ వేతనం దొరికే అవకాశం పెరుగుతుంది. తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు విదేశీ విద్యకు 20 లక్షల రూపాయల వరకు సహాయం చేసే పథకాలు పెట్టింది. మన పిల్లలలో కొందరి ధృవపత్రం బీసీ-సి, మరికొందరిది వేరు. ఎవరు ఏ పథకం కిందికి వస్తారో, ఆదాయ పరిమితి ఎంతో జిల్లా సంక్షేమ కార్యాలయంలో విచారించి, కాగితం మీద వ్రాయించుకొని రండి. బ్రోకరు మాట మీద కాదు.

సంఘం చేయవలసినది

ఈ విద్య అందరి పిల్లలూ చదవనక్కరలేదు. అయితే ఈ సంగతి అందరికీ తెలియాలి. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను మునిసిపాలిటీలకు అప్పగించవలసిన పనుల జాబితాలో మొదట చేర్చింది. ఏ పట్టణానికైనా మాస్టర్ ప్లాను ముసాయిదా వెలువడినప్పుడు అభ్యంతరాలు తెలుపుకోవటానికి గడువు ఇస్తారు. ఆ గడువులో మనవారు ఎంతమంది కార్యాలయానికి పోయి పటం చూస్తున్నారు? మన సమాధుల తోటకు స్థలం ఆ పటంలో ఉన్నదా? దళితవాడకు మురుగు కాలువ గీత వేశారా? బడికి పోయే ఆడపిల్లలకు దీపాలున్న దారి చూపించారా? ఊరు పెరిగాక సమాధి స్థలం కోసం కలెక్టరు ఆఫీసు చుట్టూ తిరగటం కంటే, గీత గీసేనాడే ఒక దరఖాస్తు ఇవ్వటం మేలు.

ఇవి చేయటానికి డిగ్రీ అక్కరలేదు. యౌవనస్థుల కూడికలో ఒక శనివారం మీ ఊరి పటం మీరే గీయించండి. చెరువు, కాలువ, బోర్లు, బడి, ఆలయం, వాన నీరు నిలిచే చోట్లు గుర్తుపెట్టమనండి. ఆలయ కప్పు మీద పడే వాన నీటికి ఇంకుడు గుంట త్రవ్వండి. ఆవరణలో వేప, కానుగ మొక్కలు నాటండి. ప్లాటు కొనేవారు అది అనుమతి ఉన్న లే-అవుట్ అవునో కాదో చూసుకొని కొనండి. ఆ పటం గీస్తున్నప్పుడు, అందరూ వెళ్లిపోయినా కాగితం వదలకుండా కూర్చునే బిడ్డ ఒకడో ఒకతో కనబడతారు. ఆ బిడ్డను గుర్తించండి. ఆ బిడ్డ కోసం సంఘమంతా ప్రార్థించండి, వీలైతే పుస్తకాల ఖర్చు భరించండి.

దేవుడు చెరలో ఉన్న తన ప్రజలకు సహితం, తామున్న పట్టణ క్షేమం కోరుమని యిర్మీయా 29:7లో ఆజ్ఞాపించాడు. జెకర్యా 8వ అధ్యాయంలో ఆయన చూపించిన పట్టణంలో మేడల ఎత్తు గురించిన మాట లేదు. ముసలివారు చేతికర్ర పట్టుకొని వీధుల్లో కూర్చుంటారు, మగపిల్లలూ ఆడపిల్లలూ అదే వీధుల్లో ఆడుకుంటారు. ఒక ఊరు బాగున్నదో లేదో తెలుసుకోవటానికి ఇంతకు మించిన కొలత మాకు కనబడలేదు. ఫీనిక్స్ అయినా, దుబాయి అయినా, నిజామాబాద్ అయినా, మన చందూర్ అయినా ఆ కొలతకే నిలబడాలి. అటువంటి వీధులు గీయగల బిడ్డలను మన కాలువ గట్టు సంఘాలలోనుండి ప్రభువు లేవనెత్తును గాక. ఆమేన్.